వెబ్‌సైట్ తెరిచిన మర్నాటి నుంచి

తెరిచిన వెబ్‌సైట్‌ను పరీక్షించడం, వాడేవాళ్ళ అభిప్రాయం తెలుసుకోవడం, నిలబెట్టుకోవడం గురించి మాట్లాడుకుందాం. ముందు ఒక ఉదాహరణ. 2016 అక్టోబరు 11కు ముందు ఏ దరఖాస్తులోనైనా ‘జిల్లా: వరంగల్’ అని ఉంటే, అది జనగామ నుంచి ఏటూరునాగారం దాకా పరుచుకున్న ఉమ్మడి జిల్లా. ఆ రోజుతో అది ప్రధానంగా ఐదు జిల్లాలైంది: వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి. చేర్యాల వైపు కొంత సిద్దిపేటలో కలిసింది. 2019లో ములుగు వేరుపడింది. 2021 ఆగస్టులో అర్బన్ పేరు హనుమకొండగా, రూరల్ పేరు వరంగల్‌గా మారాయి. పేర్లతో పాటు మండలాలూ అటూ ఇటూ అయ్యాయి. పరకాల హనుమకొండ జిల్లాలోకి వచ్చింది, ఖిలా వరంగల్ వరంగల్ జిల్లాలోకి వెళ్ళింది.

2015లో కట్టిన ఒక సైటు ఇప్పటికీ నడుస్తోందనుకోండి. దాని కోడులో ఒక్క అక్షరం కూడా ఎవరూ ముట్టుకోలేదు. అయినా అది తప్పు చెబుతోంది. హడావుడిగా సరిచేయబోయేవాళ్ళు సాధారణంగా ఏం చేస్తారంటే, జాబితాలోని పాత ‘వరంగల్’ను అలాగే ఉంచి, పక్కన మిగతా కొత్త జిల్లాల పేర్లు చేర్చేస్తారు. దాంతో ఉమ్మడి జిల్లా నాటి చిరునామాలూ ఇప్పటి వరంగల్ జిల్లా చిరునామాలూ ఒకే కుప్పలో పడతాయి. ఆ తర్వాత జిల్లాల వారీగా లెక్క తీస్తే వచ్చే అంకెలకు అర్థమే ఉండదు. తప్పు జరిగిందని చూపించే గుర్తు కూడా డేటాలో మిగలదు.

సరైన దారి కొంచెం పొడుగు. ప్రతి జిల్లాకూ పేరుతో సంబంధం లేని ఒక సంఖ్య ఇవ్వాలి. ఆ సంఖ్య పక్కన ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చెల్లుతుందో రాసి పెట్టుకోవాలి. పాత రికార్డును చెరపకుండా అలాగే ఉంచాలి. కొత్త చిరునామాలో మండలం, గ్రామం తప్పనిసరిగా తీసుకోవాలి, ఎందుకంటే జిల్లా గీతలు మళ్ళీ మారినా మండలం తెలిస్తే కొత్త జిల్లాను యంత్రమే పట్టుకోగలదు. మండలం లేని పాత రికార్డులను మాత్రం ఊహించి నింపకూడదు. పిన్ కోడ్ కొంత దారి చూపుతుంది గాని, తపాలా హద్దులు జిల్లా హద్దుల వెంట నడవవు. ఆ మనిషి ఈసారి ఫోన్ చేసినప్పుడో, ఆర్డరు పెట్టినప్పుడో అడిగి రాసుకోవాలి. వాహనం నంబరు అడిగే ఫారాలదీ ఇదే కథ. పాత వరంగల్ బండి ఏపీ 36, రాష్ట్రం వచ్చాక టీఎస్ 03, 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ. మూడూ ఇవాళ హన్మకొండ చౌరస్తాలో పక్కపక్కనే తిరుగుతున్నాయి. ‘టీఎస్‌తో మొదలవ్వాలి’ అని నియమం పెట్టిన ఫారం వీటిలో రెండు రకాలను బయటికి నెట్టేస్తుంది.

సైటు పాడవడమంటే సర్వర్ పడిపోవడమే అని చాలామంది అనుకుంటారు. ఎక్కువసార్లు జరిగేది వేరు. సైటు ఉన్నచోటే ఉంటుంది, చుట్టూ ఉన్న లోకం కదిలిపోతుంది. అందుకే పరీక్ష, అభిప్రాయ సేకరణ, నిర్వహణ అన్న మూడు పనులనూ ఒకే గాటన కట్టి, ‘సైటు చూసుకునే అబ్బాయి’కి అప్పగించి చేతులు దులుపుకోవడం పనికిరాదు. మనం అనుకున్నట్టు ఇది పనిచేస్తోందా అన్నది పరీక్ష. మనం అనుకున్నదే వాళ్ళకు కావాల్సిందా అన్నది అభిప్రాయ సేకరణ. నిన్న సరైనది ఇవాళా సరైనదేనా అన్నది నిర్వహణ. ఒక ప్రశ్నకు జవాబు దొరికినంత మాత్రాన రెండోది తేలిపోదు.

చర్చ గాలిలో తేలకుండా ఒక నమూనా పెట్టుకుందాం: వరంగల్ కొత్తవాడలో దర్రీలు (నేలమీద పరిచే జంపఖానాలు) నేసే ఒక చేనేత సంఘం తన సరుకును నేరుగా అమ్ముకునే సైటు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కాబట్టి కొనేవాళ్ళు ఢిల్లీలోనూ ఉంటారు, జమ్మికుంటలోనూ ఉంటారు.

ఎవరి ఫోనులో చూడాలి

సైటు తయారుచేసినవాళ్ళు పెద్ద తెరపై, వేగమైన వైఫైలో చూస్తారు. కొనేవాళ్ళు చూసేది ఎక్కువగా ఆండ్రాయిడ్ ఫోనులో. ఆ తెర వెడల్పు వెబ్ లెక్కలో 360 పిక్సెళ్ళ దగ్గర ఉంటుంది. కాబట్టి పరీక్షకు ముందుగా కావాల్సింది రెండు మూడు జీబీల ర్యామ్ ఉన్న, రెండు మూడేళ్ళు వాడిన ఒక అసలు ఫోను. కంప్యూటర్ బ్రౌజరులో ఫోను తెరను అనుకరించే సదుపాయం ఉంటుంది, అది మొదటి వడపోతకు పనికొస్తుంది. నిండిపోయిన స్టోరేజీ, వేడెక్కిన ప్రాసెసరు, సగం తెరను మింగేసే కీబోర్డు మాత్రం అందులో కనిపించవు.

దర్రీల సైటులో మొదట దెబ్బతినేది ఫోటోలే. ఫోనుతో తీసిన ఒక్కో ఫోటో నాలుగైదు ఎంబీలు ఉంటుంది. ఇరవై దర్రీలున్న పేజీలో వాటిని అలాగే ఎక్కిస్తే, పేజీ మొత్తం తెరిచేసరికి 80 ఎంబీలు దాటుతుంది. వెడల్పును 1200 పిక్సెళ్ళకు తగ్గించి వెబ్‌పీ అనే తేలికైన ఫోటో రూపంలో దాస్తే చాలా ఫోటోలు 150, 200 కేబీల్లోకి వస్తాయి. నేత కూడా స్పష్టంగానే కనిపిస్తుంది. ప్రతి బొమ్మకూ వెడల్పు, ఎత్తు కోడులో ముందే రాయాలి. రాయకపోతే బొమ్మ దిగినప్పుడల్లా కిందున్నవన్నీ జరుగుతాయి. 6 అడుగుల దర్రీ కింద బటన్ నొక్కబోయిన వేలు 9 అడుగుల దానిమీద పడుతుంది.

ఈ జరుగుడును కొలవడానికి గూగుల్ పెట్టిన కొలత 0.1 దాటకూడదు. పేజీలో పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి. నొక్కినదానికి తెర 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి (ఈ మూడోది 2024 మార్చిలో పాత కొలత స్థానంలో వచ్చింది). ఈ హద్దులు సగటుకు సంబంధించినవి కావు. నూటికి 75 సందర్శనల్లో అందుకోవాలి. ఆఫీసులో ఒకసారి కొలిచి పచ్చరంగు చూసి సంతోషపడితే మోసపోతాం. అసలు వాడుకరుల ఫోన్ల నుంచి వచ్చే అంకెలు వేరుగా ఉంటాయి, వాటినే నమ్మాలి.

వెలుగు సంగతి కూడా ఉంది. మధ్యాహ్నం ఎనుమాముల మార్కెట్ యార్డు ఎండలో నిలబడి లేత బూడిద రంగు అక్షరాలు చదవడం ఎవరి వల్లా కాదు. అక్షరానికీ నేపథ్యానికీ మధ్య కనీసం 4.5:1 వ్యత్యాసం ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. పెద్ద అక్షరాలకు 3:1 చాలు. పెద్దవాళ్ళు ఫోనులో అక్షరాలను పెద్దవి చేసి పెట్టుకుంటారు, కాబట్టి రెండు రెట్లకు పెంచి ప్రతి పేజీనీ చూడండి. బటన్లు ఒకదానిమీద ఒకటి ఎక్కితే అది లోపమే. ఆండ్రాయిడ్‌లోని టాక్‌బ్యాక్ (తెరమీది మాటలను చదివి వినిపించే సదుపాయం) ఆన్ చేసి కళ్ళు మూసుకుని ఒక ఆర్డరు పెట్టి చూడండి. పేజీ భాష తెలుగు అని కోడులో ప్రకటించకపోతే, చదివే గొంతు వేరే భాష పద్ధతిలో తడబడే ప్రమాదం ఉంది.

తెలుగు అక్షరానికి వేరే పరీక్ష

చాలా పరీక్షా పట్టికలు ఇంగ్లిషు సైట్ల కోసం రాసినవి. వాటిని దించుకుని అన్నిటికీ టిక్కు పెట్టినా తెలుగు సైటు విరిగే చోట్లు బయటపడవు.

‘లక్ష్మి’ అన్న పేరు చూడండి. మన కంటికి రెండక్షరాలు. అన్ని లిపులకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఆ సంకేతాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు చొప్పున 21 బైట్లు. ఈ మూడు లెక్కల్లో ఏది వాడుతున్నామో తెలియకుండా ‘పేరు 20 దాటకూడదు’ అని హద్దు పెడితే పొడవాటి పేర్లు మధ్యలో తెగిపోతాయి. అంతకన్నా తరచుగా కనిపించే తప్పు ‘పేరులో అక్షరాలు మాత్రమే ఉండాలి’ అన్న తనిఖీ. యూనికోడ్ వర్గీకరణలో గుణింతపు గుర్తులూ పొల్లూ ‘అక్షరాలు’ కావు, ‘గుర్తులు’. అక్షరాలను మాత్రమే అనుమతించే తనిఖీ లక్ష్మిలో నాలుగు సంకేతాలను ఒప్పుకుని మూడింటిని తిరస్కరిస్తుంది. ‘పేరు సరిగా రాయండి’ అని ఎర్రరంగులో వస్తుంది. తన పేరు తాను సరిగానే రాసుకున్న మనిషికి అంతకన్నా అవమానం లేదు. రెండు వర్గాలనూ అనుమతించాలి, దాంతో పాటు కంటికి కనబడని అతుకు-విడుపు గుర్తులనూ అనుమతించాలి.

ఆ కనబడని గుర్తు తెచ్చే చిక్కు స్టేషన్‌ఘన్‌పూర్ పేరులో బాగా తెలుస్తుంది. పొల్లు తర్వాత అక్షరం వత్తుగా మారకుండా ఆపే గుర్తు అది. ఒకరు దాన్ని పెట్టి రాస్తారు, ఒకరు పెట్టకుండా రాస్తారు, ఇంకొకరు మధ్యలో ఖాళీ వదులుతారు. డేటాబేస్‌లో మూడు ఊళ్ళు తయారవుతాయి, ఒకదానికోసం వెతికితే మిగతా రెండూ రావు. ‘ఐత్వం’ గుర్తును కూడా ఒకే సంకేతంగానూ రెండు సంకేతాల జంటగానూ రాయవచ్చు. చూడటానికి ఒకటే, యంత్రానికి వేర్వేరు. అందుకే దాచేముందు యూనికోడ్ ప్రమాణ రూపంలోకి మార్చాలి. వెతుకులాట కోసం ఖాళీలూ కనబడని గుర్తులూ తీసేసిన ఇంకో ప్రతిని పక్కన ఉంచుకోవాలి. ఊళ్ళ పేర్లను టైపు చేయించకుండా జాబితా నుంచి ఎంచుకోనిస్తే సగం తలనొప్పి అసలు పుట్టదు.

డేటాబేస్ పట్టిక పాత లాటిన్ అమరికలో ఉంటే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా దిగుతుంది. అలా దిగినది మళ్ళీ తిరిగి రాదు, అసలు అక్షరాలు అక్కడ లేవు. వింత గీతల అక్షరాలుగా కనిపిస్తే మాత్రం చాలాసార్లు ఆశ ఉంటుంది. డేటా బాగానే ఉండి, చదివే పద్ధతి తప్పి ఉండవచ్చు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో పాత ‘యూటీఎఫ్8’ అమరిక తెలుగుకు సరిపోతుంది గాని ఎమోజీకి సరిపోదు. అభిప్రాయం రాసి చివర దండం బొమ్మ పెట్టినవాళ్ళ మాట అక్కడికి తెగిపోవడమో, మొత్తం తిరస్కరణకు గురవడమో జరుగుతుంది. ‘యూటీఎఫ్8ఎంబీ4’ అమరికే పెట్టండి.

కంటికి కనిపించే వాటిలో ముఖ్యమైనది వరుసల మధ్య దూరం. ఇంగ్లిషుకు అందంగా కనిపించే 1.2 రెట్ల దూరంలో తెలుగు వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. 1.6 నుంచి 1.8 దాకా పెట్టాలి. బటన్ల లోపల వత్తు కింది భాగం కోసుకుపోతోందేమో ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘జ్యోత్స్న’ లాంటి మాటలు పెట్టి చూడండి. ఫాంటు ఫైలు బరువు తగ్గించడానికి అందులోంచి కొన్ని అక్షరాలను తీసేసేటప్పుడు, వత్తులను జతచేసే పట్టికలు కూడా పోయే ప్రమాదముంది. అప్పుడు పొల్లు విడిగా, అక్షరం విడిగా కనిపిస్తాయి. పాత కరపత్రాల నుంచి, పేజ్‌మేకర్ ఫైళ్ళ నుంచి తెచ్చే మేటరు ‘అను’ ఫాంట్లలో ఉంటుంది. అది యూనికోడ్ కాదు. మార్పిడి పరికరంతో మార్చాక కూడా వత్తులనూ ధరల అంకెలనూ ఒక మనిషి కూర్చుని సరిచూడాల్సిందే.

ఎస్సెమ్మెస్‌లకూ ఈ లెక్క వర్తిస్తుంది. ఇంగ్లిషులో ఒక సందేశానికి 160 అక్షరాలు, తెలుగులో 70 సంకేతాలు. అది దాటితే 67 చొప్పున ముక్కలై ముక్కముక్కకూ ఖర్చు పడుతుంది. టెలికాం నియంత్రణ సంస్థ 2018 నిబంధనల ప్రకారం సందేశం నమూనాను ముందే నమోదు చేయించాలి. నమోదైన నమూనాలో ఒక్క మాట మార్చి పంపినా ఆపరేటరు ఆపేస్తాడు. సైటు వైపు నుంచి ‘పంపాం’ అని వస్తుంది, ఓటీపీ మాత్రం చేరదు. మాట మార్చిన ప్రతిసారీ వేర్వేరు కంపెనీల సిమ్ములతో చూడటం అలవాటు చేసుకోవాలి.

డబ్బు వెళ్ళే దారి

‘పైసలు కట్ అయినయ్, ఆర్డర్ చూపిస్తలేదు.’ ఏ అమ్మకాల సైటుకైనా రాగల ఫిర్యాదుల్లో ఇంతకంటే తీవ్రమైనది లేదు. యూపీఐలో చెల్లించేటప్పుడు మనిషి మన సైటు వదిలి వేరే యాప్‌లోకి వెళ్తాడు, పిన్ కొడతాడు, తిరిగి వస్తాడు. తిరిగి వచ్చినప్పుడే ఆర్డరును నమోదు చేసే సైటు, అతను తిరిగి రాని ప్రతిసారీ ఆర్డరును పోగొట్టుకుంటుంది. తక్కువ ర్యామ్ ఫోనులో యూపీఐ యాప్ తెరవగానే బ్రౌజరును ఫోనే మూసేస్తుంది. అతను చేసిన తప్పేమీ లేదు.

చెల్లింపుకు పంపకముందే ఆర్డరును ‘పెండింగ్’గా ఒక ప్రత్యేక సంఖ్యతో దాచాలి. చెల్లింపు కంపెనీ సర్వర్ నుంచి మన సర్వర్‌కు నేరుగా వచ్చే కబురును బట్టి మాత్రమే అది ‘చెల్లింది’ కావాలి. ఆ కబురు ఒక్కోసారి రెండుసార్లు వస్తుంది, రెండోసారి వచ్చినప్పుడు రెండో దర్రీ ప్యాక్ కాకూడదు. ఒక్కోసారి అసలు రాదు, అందుకే పెండింగ్‌లో ఉన్నవాటి స్థితిని కొన్ని నిమిషాలకోసారి మనమే అడిగి తెలుసుకునే పని ఒకటి నడుస్తుండాలి. ఆ కబురు నిజంగా ఆ కంపెనీ పంపిందేనా అన్న సంతకపు తనిఖీ లేకపోతే ఎవరైనా డబ్బు కట్టకుండానే ‘చెల్లింది’ అనిపించగలరు.

పరీక్షించేటప్పుడు సాఫీగా సాగే దారిని చూడటానికి ఐదు నిమిషాలు చాలు. మిగతా సమయమంతా చెడగొట్టడానికి వాడండి. పిన్ కొట్టాక బ్రౌజరును మూసేయండి. పిన్ కొట్టకముందు డేటా ఆపేయండి. వెనక్కి బాణం నొక్కి మళ్ళీ చెల్లించండి. ‘చెల్లించు’ బటన్‌ను రెండుసార్లు గబగబా నొక్కండి. ఒక రూపాయి సరుకు పెట్టి అసలు డబ్బుతోనే చేయండి, నకిలీ వాతావరణంలో బ్యాంకు జాప్యాలు రావు. ప్రతి రాత్రీ బ్యాంకులో పడ్డ మొత్తాన్నీ సైటులోని ఆర్డర్ల మొత్తాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. తేడా ఒక్క రూపాయి ఉన్నా కారణం తేల్చాలి.

డబ్బు తెగి, అందినట్టు దుకాణదారుకు కబురు రాని యూపీఐ చెల్లింపును ఐదు రోజుల్లోపు వెనక్కి వేయాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారమివ్వాలని రిజర్వు బ్యాంకు 2019లో నిర్దేశించింది. ఈ సంగతి, ఆర్డరు సంఖ్యతో సహా, ‘పెండింగ్’ పేజీలోనే తెలుగులో రాసి పెడితే భయపడిన మనిషికి కాస్త ఊపిరి ఆడుతుంది.

అడగడం కాదు, చూడటం

సైటు చూపించి ‘ఎట్లుంది?’ అని అడిగితే ‘మంచిగుంది’ అంటారు. మన దగ్గర ఎదుటివాడి పనిని మొహంమీద తప్పుబట్టడం మర్యాద కాదు. అందుకే అభిప్రాయం అడిగి సంపాదించేది తక్కువ, పని అప్పగించి చూస్తే దొరికేది ఎక్కువ.

ఎంతమందిని చూడాలి? వాడుక సౌలభ్యంపై పరిశోధించిన జేకబ్ నీల్సన్, టామ్ లాండవర్ 1993లో ఇచ్చిన లెక్క ప్రకారం ఒక్కో మనిషి సగటున సమస్యల్లో 31 శాతాన్ని బయటపెడతాడు. ఐదుగురిని చూసేసరికి దాదాపు 85 శాతం బయటపడతాయి, ఆపైన కనిపించేవి చాలావరకు పాతవే. కాబట్టి ఒకేసారి పదిహేను మందిని చూడటం కంటే, ఐదుగురిని చూసి, సరిచేసి, మరో ఐదుగురిని చూడటం మేలు. ఒక షరతు ఉంది. ఆ ఐదుగురూ ఒకే తరహా వాడుకరులై ఉండాలి. దర్రీ కొనే గృహిణి వేరు, హోటలుకు యాభై కొనే వ్యాపారి వేరు, సైటులోకి సరుకు ఎక్కించే నేత కార్మికుడు వేరు. మూడు తరహాలుంటే మూడు గుంపులను చూడాలి. సొంత ఆఫీసువాళ్ళూ సైటు కట్టినవాళ్ళ స్నేహితులూ లెక్కలోకి రారు.

ఒక్కొక్కరికి అరగంట, నలభై నిమిషాలు, నాలుగైదు పనులు చాలు. పని చెప్పేటప్పుడు బటన్ మీదున్న మాటను వాడొద్దు. ‘షిప్పింగ్ వివరాలు చూడండి’ అంటే ఆ మాట ఎక్కడుందో వెతికి నొక్కేస్తారు, అప్పుడు మనం పరీక్షించింది వాళ్ళ కంటిచూపును. ‘అక్కా, హుజూరాబాద్‌ల మీ చెల్లెలింటికి ఆరడుగుల దర్రీ పంపాలె. ఎప్పటికి చేరుతదో, మొత్తం ఎంతయితదో చూడు’ అనాలి. మనసులో అనుకుంటున్నది పైకి చెప్పమనాలి. వాళ్ళు వాడే ఫోనులోనే చేయనివ్వాలి. ఒకరు పక్కన కూర్చోవాలి, ఇంకొకరు రాసుకోవాలి. పక్కన కూర్చున్నవాళ్ళకు అత్యంత కష్టమైన పని మాట్లాడకుండా ఉండటం. ‘ఇది ఏడ నొక్కాలె?’ అని అడిగితే ‘నేను లేకపోతే ఏం చేద్దురు?’ అని మాత్రమే అనాలి. పరీక్ష సైటుదే, మీది కాదు అని మొదట్లోనే చెప్పకపోతే చాలామంది తమకు చదువు రాకపోవడం వల్లే చిక్కుకున్నామని సిగ్గుపడి ఆగిపోతారు.

ఆగిన చోటు, వెనక్కి వెళ్ళిన చోటు, ఆగినప్పుడు ఏం వస్తుందనుకున్నారో అది రాసుకోవాలి. ‘ఇక్కడ ఎర్ర బటన్ పెట్టండి’ అన్న సలహాను సలహాగా కాక గుర్తుగా తీసుకోవాలి. ఆ చోట ఏదో కనబడలేదని అర్థం. దానికి మందు ఎర్ర బటనే కానక్కర్లేదు.

సైటులోని అంకెలు ఇంకో కోణం చూపిస్తాయి. ఫారంలో ఎన్నో గడి దగ్గర జనం వదిలేస్తున్నారు, సైటులో వెతికి ఏమీ దొరకని మాటలేవి అన్న రెండూ ప్రతి వారం చూడదగ్గవి. రెండో జాబితా చాలా విలువైనది. ‘దర్రీ’ అని మనం రాసుకున్నచోట జనం ‘జంపఖానా’ అని, ‘చాప’ అని, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు మాటలుగా వెతుకుతుంటే ఆ మాటలన్నీ మన వెతుకులాటకు తెలిసి ఉండాలి. అయితే అంకెలు ఎక్కడ ఆగారో చెబుతాయి, ఎందుకు ఆగారో చెప్పవు. అందుకు మళ్ళీ మనిషి పక్కన కూర్చోవాల్సిందే.

ప్రతి పేజీ అడుగున ‘ఇక్కడ ఏదైనా తప్పుంటే చెప్పండి’ అన్న వాట్సాప్ లింకు పెట్టండి. నొక్కగానే ఆ పేజీ చిరునామా సందేశంలో ముందే నిండి ఉండాలి. రాయడం ఇష్టంలేనివాళ్ళు వాయిస్ మెసేజ్ పెడతారు, అదీ మంచిదే. వచ్చిన ప్రతిదాన్నీ ఏం చేయబోయారు, ఏం అవుతుందనుకున్నారు, ఏమైంది, ఏ ఫోను, ఎన్నింటికి అన్న ఐదు గడుల్లో వేసుకోవాలి. స్క్రీన్‌షాట్లలో ఆధార్, బ్యాంకు వివరాలు వచ్చేస్తాయి. పని అయ్యాక వాటిని చెరిపేయాలి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టమే వచ్చింది. సమస్య తీరినప్పుడు చెప్పినవాళ్ళకు తిరిగి ఒక మాట చెప్పండి. చెప్పకపోతే వాళ్ళు రెండోసారి నోరు విప్పరు.

తెర ముందు కూర్చున్నది వేరే మనిషి

ఇక్కడి సైట్లలో తరచూ మరిచిపోయే వాడుకరి ఒకరున్నారు: మీ సేవ, నెట్ సెంటర్ ఆపరేటర్. స్కాలర్‌షిప్పుకో, అడ్మిషన్‌కో, సబ్సిడీకో దరఖాస్తు పెట్టేది రైతు లేదా విద్యార్థి. ఫారం నింపేది వీళ్ళు. వాళ్ళు మౌసు ముట్టకుండా ట్యాబ్ మీట నొక్కుతూ వెళ్తారు, కాబట్టి గడుల వరుస కాగితం మీది వరుసలాగే సాగాలి. ఓటీపీ ఎక్కడో నర్సంపేటలో ఉన్న తండ్రి ఫోనుకు వెళ్తుంది. ఆయన ఫోనెత్తి అంకెలు చెప్పేసరికి రెండు నిమిషాల గడువు అయిపోతుంది, ఫారమంతా ఖాళీ అవుతుంది. గడువు పెంచడం, నింపినది నిలిచి ఉండేలా చేయడం పెద్ద పనేమీ కాదు. కొన్ని సెంటర్లలో ఇంకా విండోస్ 7 యంత్రాలున్నాయి. వాటికి క్రోమ్ 109తోనే ఆఖరు. 2023లో ఆ తర్వాత వచ్చిన సీఎస్ఎస్ నెస్టింగ్ (పేజీ రూపాన్ని కోడులో రాసే ఒక కొత్త పద్ధతి) లాంటివి వాడితే ఆ తెరపై పేజీ చెదిరిపోతుంది, ఎర్రర్ కూడా రాదు. ఒక పాత యంత్రాన్ని పరీక్ష కోసం ఉంచుకోండి.

నిలబెట్టుకోవడం

బ్యాకప్ ఉందా అని అడిగితే అందరూ ఉందంటారు. దాని నుంచి సైటును తిరిగి లేపి చూశారా అని అడగాలి. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడు దాచుకునే సేవ అయిన గిట్‌ల్యాబ్‌లో ఒక ఉద్యోగి రెండో సర్వర్ అనుకుని అసలు సర్వర్‌లోని డేటాను చెరిపేశాడు. 300 జీబీల్లో మిగిలింది నాలుగున్నర. ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లున్నా ఏదీ సరిగా అక్కరకు రాలేదు. రోజూ తీస్తున్న ప్రతులు ఖాళీగా ఉన్నాయి, ఎందుకంటే ప్రతి తీసే పరికరం వెర్షనూ డేటాబేస్ వెర్షనూ కలవలేదు. విఫలమైందని హెచ్చరించే ఈమెయిళ్ళు వెళ్ళినా, గ్రహీత సర్వర్ వాటిని తిరస్కరించింది. చివరికి ఆరు గంటల కిందట ఒక ఇంజనీరు వేరే పని కోసం తీసిన ఒక ప్రతి ఆదుకుంది. ఆ కంపెనీ ఇదంతా దాచకుండా ప్రపంచానికి చెప్పింది కాబట్టే మనం ఇవాళ నేర్చుకోగలుగుతున్నాం.

మూడు ప్రతులు, రెండు వేర్వేరు రకాల మాధ్యమాల్లో, ఒకటి ఊరికి దూరంగా అన్నది పాత నియమం. దానికి నెలకోసారి తిరిగి లేపే కసరత్తు జోడించాలి. ఖాళీ సర్వర్ మీద బ్యాకప్‌ను ఎక్కించి, ఆర్డర్ల సంఖ్య కలిసిందా, చివరి ఆర్డరు తేదీ ఏది, ఫోటోలు వచ్చాయా, తెలుగు ప్రశ్నార్థకాలుగా మారిందా చూడాలి. ఎంతసేపు పట్టిందో రాసి పెట్టుకోండి. ఆపదలో అందరూ అడిగే మొదటి ప్రశ్న అదే.

డొమైన్ పేరు ఎవరి పేరిట ఉందన్నది సాంకేతిక విషయంలా కనిపించదు గాని, సైట్లు శాశ్వతంగా పోయేది ఎక్కువగా ఇక్కడే. ప్రాజెక్టు కోసం సైటు కట్టిన విద్యార్థి తన సొంత ఈమెయిల్‌తో కొంటాడు, చదువయ్యాక హైదరాబాద్ వెళ్తాడు, ఆ ఈమెయిల్ చూడటం మానేస్తాడు. డాట్‌కామ్ లాంటి పేర్లకు గడువు దాటాక రిజిస్ట్రార్‌ను బట్టి కొన్నాళ్ళు సాధారణ రుసుముతో కట్టే వీలుంటుంది. ఆ తర్వాత 30 రోజులు ఎక్కువ రుసుముతో విడిపించుకోవచ్చు. మరో ఐదు రోజులకు పేరు బజారున పడుతుంది. సందర్శకులున్న పేర్లను బెట్టింగ్ ముఠాలు కొనుక్కుంటాయి. సంఘం పేరిట, సంఘం ఈమెయిల్‌తో, ఇద్దరు బాధ్యుల ఫోన్లతో, ఐదేళ్ళకు ఒకేసారి కట్టి పెట్టుకోవడం దీనికి సూటి పరిష్కారం. తాళం గుర్తునిచ్చే సర్టిఫికెట్ల గరిష్ఠ గడువూ కుంచించుకుపోతోంది. 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027లో 100, 2029లో 47. చేత్తో మార్చే రోజులు అయిపోయాయి. దానంతటదే మారేలా పెట్టి, రెండు వారాల ముందు హెచ్చరిక వచ్చేలా చూసుకోవాలి.

సాఫ్ట్‌వేర్ తాజాపరచడంలో రెండు రకాల తప్పులు కనిపిస్తాయి. విరుగుతుందన్న భయంతో ఏళ్ళ తరబడి ముట్టుకోకపోవడం ఒకటి, అసలు సైటు మీదే నేరుగా నొక్కేయడం రెండోది. సైటు నకలు ఒకటి వేరే చిరునామాలో పెట్టుకుని, ముందు దాని మీద తాజాపరచి, ఆర్డరు పెట్టడం, లాగిన్, వెతుకులాట, తెలుగులో అభిప్రాయం పంపడం అన్న నాలుగు పనులు చేసి చూశాక అసలుదాని మీదికి వెళ్ళాలి. భద్రతా సవరణలైతే వాయిదా వేయొద్దు. వాడని ప్లగిన్‌ను (సైటుకు అదనపు సదుపాయాన్ని చేర్చే చిన్న ప్రోగ్రామును) ఆపి ఉంచడం చాలదు, తీసేయాలి. దొంగ లింకులు చాలాసార్లు సెర్చ్ ఇంజన్లకే కనిపించేలా దాచి పెడతారు, మన కంటికి సైటు మామూలుగానే ఉంటుంది. గూగుల్‌లో మన సైటుకే పరిమితం చేసి నెలకోసారి వెతికితే, మనం ఎన్నడూ రాయని జూదం పేజీలు ఉంటే బయటపడతాయి.

మార్పులకు కాలం కూడా చూసుకోవాలి. మేడారం జాతరకు దారులు, బస్సులు, బస చూపించే సైటును జాతరకు మూడు వారాల ముందే కదలకుండా ఆపేయాలి. లక్షలాది జనం ఒకే అడవి దారిలో ఉన్నప్పుడు సర్వర్ కంటే ముందు సెల్ టవర్లే చేతులెత్తేస్తాయి. ఆ రోజులకు వంద కేబీలలోపు ఉండే, బొమ్మలు లేని, ఫోను నంబర్లు అక్షరాల్లోనే ఉన్న పేజీ ఒకటి విడిగా సిద్ధం చేయాలి.

పేజీల్లోని సమాచారానికి యజమాని ఉండాలి. ధరల పేజీ ఎవరిది, ఫోను నంబర్ల పేజీ ఎవరిది, మళ్ళీ ఎప్పుడు సరిచూడాలి అన్నవి ఒక పట్టికలో రాసి, ‘సరిచూసిన తేదీ’ని పేజీమీదే చూపించాలి. పేజీ తీసేస్తే ‘పేజీ లేదు’ అనే 404 చూపించకుండా, దానికి దగ్గరి పేజీకి 301 అనే శాశ్వత దారి మళ్ళింపు పెట్టాలి. ఆ పాత లింకు ఎందరి వాట్సాప్‌లో ఉందో మనకు తెలియదు. పని వదిలి వెళ్ళేవాళ్ళ లాగిన్లు అదే రోజు మూసేయాలి. వాళ్ళు ఉండగానే హోస్టింగ్, డొమైన్, చెల్లింపు ఖాతా, ఎస్సెమ్మెస్ ఖాతా, బ్యాకప్ చోటు అన్నిట్లోకీ ఇంకొకరు సొంత పాస్‌వర్డుతో ఒక్కసారైనా లోపలికి వెళ్ళి చూడాలి. ఆ ఇంకొకరి ఫోనుకే ఓటీపీ వస్తోందో లేదో కూడా అప్పుడే తేల్చుకోవాలి.